‘ఐ ఆబ్జెక్ట్ యువర్ డిసిషన్’ అని రాస్తే మేనేజర్‌కు ఎందుకు గుచ్చుకుంది?

పరకాల నుంచి హైదరాబాద్ వెళ్ళి సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేస్తున్న ఒక అమ్మాయి అడిగిన ప్రశ్న ఇది. వాళ్ళ టీమ్ చేసిన కొత్త వెర్షన్‌ను సరిగ్గా సద్దుల బతుకమ్మ రోజు రాత్రే విడుదల చేయాలని మేనేజర్ నిర్ణయించాడట. ఆ రోజు ఊళ్ళో ఉండాలనుకున్న ఈ అమ్మాయి ఆయనకు ‘ఐ ఆబ్జెక్ట్ యువర్ డిసిషన్’ అని మెయిల్ రాసింది. ఆయన ‘అబ్జెక్షన్ నోటెడ్’ అని రెండు ముక్కల్లో జవాబిచ్చి, టీమ్ మొత్తానికీ కాపీ పెట్టాడు. ‘నేను ఒప్పుకోవడం లేదని చెప్పాను, అంతే కదా సార్? డిక్షనరీలో కూడా అట్లనే ఉంది. తప్పెక్కడ జరిగింది? డిసగ్రీ అని రాస్తే సరిపోయేదా? ఇప్పుడేం రాయాలి? రెండు రోజుల నుంచి ఒకటే టెన్షన్’ అంటోంది.

బిడ్డా, నేను వరంగల్, హనుమకొండ కాలేజీల్లో 31 ఏళ్ళు ఇంగ్లీషు చెప్పి రిటైర్ అయినవాణ్ణి. నీ వయసు పిల్లలకే పాఠం చెప్పిన అలవాటు కాబట్టి ‘నువ్వు’ అనే అంటాను, ఏమనుకోకు. నీ వాక్యంలో తప్పులు రెండు. ఒకటి వ్యాకరణానిది, దాన్ని ఒక్క అక్షరంతో దిద్దవచ్చు. రెండోది మాటను ఎంచుకోవడంలో జరిగింది. మీ మేనేజర్‌కు గుచ్చుకున్నది ఆ రెండోదే. అందుకే ముందు దాని సంగతి చూద్దాం.

డిసగ్రీ అనేది అభిప్రాయానికి సంబంధించిన మాట. ‘నువ్వు అనుకుంటున్నట్టు నేను అనుకోవడం లేదు’ అని చెప్పడం, అంతే. అది చెప్పాక కూడా పని సాగుతూనే ఉంటుంది, ఇద్దరూ కలిసి చాయ్ తాగుతూనే ఉంటారు. అబ్జెక్ట్ చేయడం అంటే జరుగుతున్న పనికో, జరగబోయే పనికో అడ్డం నిలబడడం. ‘ఇది ఆపండి, ఆపకపోతే నేను కాదన్నానని రాసిపెట్టండి’ అనే బరువు ఆ మాటలో ఉంది. డిక్షనరీ రెండింటి పక్కనా ‘అంగీకరించకపోవు’ అని రాసి ఊరుకుంటుంది. చిన్న డిక్షనరీలతో వచ్చే చిక్కే ఇది.

మన దేశపు చట్టంలోనే దీనికి మంచి ఉదాహరణ ఉంది. 1954 నాటి ప్రత్యేక వివాహ చట్టం కింద పెళ్ళి చేసుకోవాలంటే ముందు మ్యారేజ్ ఆఫీసర్‌కు నోటీసు ఇవ్వాలి. ఆయన దాన్ని ఆఫీసులో అందరికీ కనబడేచోట అంటిస్తాడు. 7వ సెక్షన్ ప్రకారం ఆ తర్వాత 30 రోజుల్లోగా ఎవరైనా ఆ పెళ్ళికి అబ్జెక్ట్ చేయవచ్చు. ఇంగ్లీషు చట్టంలో వాడిన క్రియ అదే. అయితే ఏ కారణం పడితే ఆ కారణం చెల్లదు. అబ్బాయికి 21, అమ్మాయికి 18 ఏళ్ళు నిండలేదనో, ఇద్దరిలో ఒకరికి అప్పటికే భార్యో భర్తో ఉన్నారనో, ఇద్దరిదీ పెళ్ళి చేసుకోకూడని దగ్గరి బంధుత్వమనో, ఇట్లా 4వ సెక్షన్‌లో ఉన్న షరతు ఏదో ఒకటి తప్పిందని చూపించాలి. అట్లా ఎవరైనా రాసిచ్చారంటే ఆఫీసర్ విచారించి తేల్చేదాకా ఆ పెళ్ళి జరిపించడానికి వీల్లేదు.

ఇప్పుడు అట్లా పెళ్ళి చేసుకోబోయే ఒక అమ్మాయి మేనమామ సంగతి చూడు. ‘పిల్లగాడు మా కులపోడు కాదు, నాకు ఇష్టం లేదు’ అంటాడు. ఇంగ్లీషులో ఆయన చేస్తున్నది డిసగ్రీ. నెల రోజులు అలిగి అన్నం మానేసినా అది డిసగ్రీ కిందికే వస్తుంది. దానితో పెళ్ళి ఆగదు. పోనీ ఆయన పంతానికి పోయి లేనిపోని కారణంతో అబ్జెక్షన్ వేశాడనుకో. అది సహేతుకం కాదనీ, సదుద్దేశంతో వేసింది కాదనీ తేలితే వెయ్యి రూపాయల దాకా ఆయనతో కట్టించే అధికారాన్ని 9వ సెక్షన్ ఆఫీసర్‌కు ఇచ్చింది. ఉత్త డిసగ్రీకి మాత్రం జరిమానా లేదు. ఉంటే మా ఇంట్లో పెద్దవాళ్ళలో సగం మంది కట్టవలసి వచ్చేది.

బ్రిటిష్ పార్లమెంటులోనైతే ఈ మాట ఇంకా సూటిగా పనిచేస్తుంది. అక్కడ మంత్రులు కాని సభ్యులు పెట్టే బిల్లులను కొన్ని శుక్రవారాల్లో చేపడతారు. మధ్యాహ్నం రెండున్నర దాటాక చర్చకు వీలుండదు. అప్పుడు బిల్లు పేరు చదువుతారు. ఒక్క సభ్యుడు కూర్చున్నచోటి నుంచే ‘అబ్జెక్ట్!’ అని అరిచినా ఆ రోజుకు ఆ బిల్లు ముందుకు పోదు. 2018 జూన్ 15న జరిగింది అదే. మహిళల దుస్తుల కింద నుంచి చాటుగా ఫోటోలు తీయడాన్ని నేరం చేసే బిల్లు వస్తే క్రిస్టఫర్ చోప్ అనే ఎంపీ ఆ ఒక్క మాట అన్నాడు, బిల్లు ఆగిపోయింది. దేశమంతా ఆయన మీద విరుచుకుపడింది. తర్వాత ప్రభుత్వమే బిల్లు తెచ్చి 2019లో చట్టం చేసింది. ఆ రోజు ఆయన డిసగ్రీ అని ఎంత గట్టిగా అరిచినా ఏమీ ఆగేది కాదు.

ఇక మీ మేనేజర్ వైపు నుంచి చూడు. నీ మనసులో ఉన్నది ‘ఆ రోజు పండుగ సార్, కొంచెం చూడండి’ అని. ఆయన చదివింది ‘మీ నిర్ణయాన్ని అడ్డుకుంటున్నాను, రాసుకోండి’ అని. అందుకే ఆయన రాసుకున్నాడు. ‘నోటెడ్’ అన్నాడు, అందరికీ కాపీ కూడా పెట్టాడు. కోపం ఉండే ఉంటుంది. కానీ నువ్వు వాడిన మాటకు ఆఫీసు పద్ధతిలో రావలసిన జవాబే వచ్చింది.

అట్లా అని అబ్జెక్ట్ చెడ్డ మాటని అనుకోవద్దు. దాని చోటు దానికుంది. మన ఎనుమాముల మార్కెట్‌కు రైతు పత్తి తెస్తాడు. ధర దగ్గర వ్యాపారి ఒకటంటాడు, రైతు ఇంకొకటంటాడు. అది డిసగ్రీ, బేరం అంటేనే అది. కాంటా అయ్యాక వ్యాపారి ‘తేమ ఉంది’ అంటూ రైతును అడగకుండానే బస్తాకింత అని తరుగు తీయడం మొదలుపెడతాడు. అక్కడ రైతు చేయవలసింది అబ్జెక్ట్. అతనికి అన్యాయం అప్పుడే, కళ్ళముందే జరుగుతోంది మరి. ధర మీద డిసగ్రీ, తరుగుకు అబ్జెక్ట్. నా క్లాసులో ఎన్ని నిర్వచనాలు రాయించినా ఎక్కని తేడా ఈ ఒక్క ఉదాహరణతో ఎక్కేది. మా పిల్లల్లో చాలామంది పత్తి రైతుల ఇళ్ళ నుంచి వచ్చినవాళ్ళే మరి.

ఎన్‌ఓసీ కూడా చూడు. అపార్ట్‌మెంటుకు ఫైర్ డిపార్ట్‌మెంటు నో అబ్జెక్షన్ సర్టిఫికెట్ ఇచ్చిందంటే ఆ బిల్డింగు బాగుందని మెచ్చుకున్నట్టు కాదు. మా తరఫు నుంచి అడ్డు లేదు అని చెప్పినట్టు. ఓటర్ల జాబితాలో ఎవరి పేరైనా ఉండకూడదనుకుంటే ఫారం 7 నింపుతాం చూడు, అదీ అబ్జెక్షనే.

మాట పుట్టుక చూస్తే ఈ బరువు ఎక్కడి నుంచి వచ్చిందో తెలుస్తుంది. లాటిన్‌లో ‘ఒబ్’ అంటే ఎదురుగా, ‘యాకెరె’ అంటే విసరడం. దారికి అడ్డంగా ఏదో ఒకటి విసిరేయడమే అబ్జెక్ట్. ఎదురుగా వచ్చి పడినది కాబట్టి కంటికి కనబడే వస్తువుకు కూడా అదే పేరు వచ్చింది. విచిత్రమేమిటంటే మన వైపు కూడా ఇదే ఊహ ఉంది. ఆక్షేపణ అనే మాటలో ఉన్నది సంస్కృతంలోని ‘క్షిప్’ ధాతువు, దాని అర్థం విసరడమే. క్షిపణి అన్నా అదే ధాతువు. నిరసనలో ఉన్న ‘అస్’ ధాతువుకు కూడా విసరడమనే అర్థం. నచ్చనిది కనబడితే ఏదో ఒకటి విసరాలనే బుద్ధి రోములోనూ ఇక్కడా ఒకటేనేమో.

అభ్యంతరం మాత్రం దారి తప్పి వచ్చిన మాట. సంస్కృతంలో దాని అర్థం ‘లోపలి భాగం’. తెలుగులోకి వచ్చాక అది ఆటంకం అనే అర్థంలో స్థిరపడింది. నీ హిందీ స్నేహితురాలితో ‘అభ్యంతర్’ అంటే ఆమెకు ఈ అర్థం తట్టదు. ఆమె ‘ఆపత్తి’ అంటుంది, అది వింటే మనకు ఆపదేదో వచ్చిందనిపిస్తుంది. నిజాం కాలంలో ఇక్కడ సర్కారు భాష ఉర్దూ కాబట్టి కాగితాల మీద ఇదే సంగతికి ‘ఏతరాజ్’ అనేవారు. ఇప్పుడు ఆఫీసు నోటీసుల్లో ‘అభ్యంతరాలుంటే తెలుపగలరు’ అనే కనబడుతుంది.

ఈ అభ్యంతరమే నీ మొదటి తప్పును కూడా దిద్దుతుంది. ఎట్లానో చెప్పే ముందు నా కథ ఒకటి చెప్పాలి.

కొత్తగా ఉద్యోగంలో చేరిన రోజుల్లో ఒక ప్రైవేటు జూనియర్ కాలేజీలో పనిచేశాను. ఆదివారాలు కూడా వచ్చి పరీక్షలకు ఇన్విజిలేషన్ చేయాలని ప్రిన్సిపాల్ సర్క్యులర్ పంపాడు. వయసు వేడి కదా, ‘ఐ అబ్జెక్ట్ యువర్ సర్క్యులర్’ అని రాసి అటెండర్‌తో పంపించాను. సాయంత్రానికి కాగితం తిరిగొచ్చింది. అబ్జెక్ట్‌కూ యువర్‌కూ మధ్య ఎర్ర సిరాతో ‘టు’ అని రాసి ఉంది. ఇంకొక్క అక్షరం లేదు. తప్పు దిద్దాడు గానీ డ్యూటీ మార్చలేదు. ఆ నెలలో నాలుగు ఆదివారాలూ వెళ్ళాను.

అందరం ఈ తప్పు ఎందుకు చేస్తామంటే, మన తలలో ‘మీ నిర్ణయాన్ని ఆక్షేపిస్తున్నాను’, ‘మీ నిర్ణయాన్ని వ్యతిరేకిస్తున్నాను’ అనే వాక్యం తిరుగుతుంటుంది. ఆ ‘ని’ ఉంది కాబట్టి ఇంగ్లీషులో క్రియ పక్కనే నామవాచకం పెట్టేస్తాం. కాబట్టి నువ్వు ఆక్షేపించు, వ్యతిరేకించు అనే మాటలను వదిలేసి ‘మీ నిర్ణయానికి అభ్యంతరం చెబుతున్నాను’ అని అనుకో. ఆ ‘కి’ ఉంది చూడు, అదే ‘టు’. ‘ఐ అబ్జెక్ట్ టు యువర్ డిసిషన్.’ అభ్యంతరం దేనికి అని అడిగితే జవాబులో ‘కి’ వస్తుంది, ఇంగ్లీషులో ‘టు’ వస్తుంది.

వ్యతిరేకించు అనే మాటకు సరిగ్గా సరిపోయే క్రియ వేరే ఉంది, అది అపోజ్. ‘నిర్ణయాన్ని వ్యతిరేకిస్తున్నాను’ అన్నప్పుడు ‘ని’ ఉంది, కాబట్టి ‘ఐ అపోజ్ ది డిసిషన్’, టు లేదు. ‘నిర్ణయానికి వ్యతిరేకం’ అన్నప్పుడు ‘కి’ ఉంది, కాబట్టి ‘ఐ యామ్ అపోజ్డ్ టు ది డిసిషన్’, టు ఉంది. ప్రతిచోటా తెలుగు విభక్తి ఇంగ్లీషుకు ఇంత చక్కగా సరిపోదు. సరిపోయినచోట వాడుకుందాం, నష్టమేముంది.

ఈ టు ఎంత మొండిదంటే వాక్యాన్ని తిరగేసినా పోదు. సాక్షిని విచారించేటప్పుడు జవాబు తనలోనే ఉన్న ప్రశ్నలు, అంటే లీడింగ్ క్వశ్చన్లు అడగడం గురించి 1872 నాటి సాక్ష్య చట్టంలో 142వ సెక్షన్ ఉండేది. అవతలి పక్షం అభ్యంతరం చెబితే అట్లాంటి ప్రశ్నలు తమ సాక్షిని అడగకూడదు, కోర్టు అనుమతిస్తే తప్ప. అక్కడి ఇంగ్లీషు ‘ఇఫ్ అబ్జెక్టెడ్ టు బై ది అడ్వర్స్ పార్టీ’. టు, బై రెండూ పక్కపక్కనే ఉండడం చూసి అచ్చుతప్పని ఒక లా విద్యార్థి నాతో వాదించాడు. అచ్చుతప్పు కాదు. టు ఆ క్రియకు తోక, బై ఎవరు చేశారో చెబుతుంది. 2024 జూలై 1 నుంచి ఆ చట్టం స్థానంలో భారతీయ సాక్ష్య అధినియమం వచ్చింది. చట్టం మారినా వ్యాకరణం మారలేదు. సినిమా కోర్టుల్లో వకీళ్ళు మాటమాటకూ ‘అబ్జెక్షన్ యువరానర్’ అంటారే, దాని అసలు పని కూడా ఇదే, ఆ ప్రశ్నను అక్కడే ఆపడం.

టు తర్వాత ఇంకో క్రియ రావలసి వస్తే దానికి ‘ఇంగ్’ తగిలించాలి. ‘ఐ అబ్జెక్ట్ టు వర్కింగ్ ఆన్ ఎ హాలిడే.’ ‘టు వర్క్’ అనకూడదు. కారణం చెప్పాలంటే టు తీసేసి దట్ పెట్టాలి: ‘షి అబ్జెక్టెడ్ దట్ ది డేట్ వాజ్ ఎ హాలిడే.’ ఇంతకుమించి దీని వ్యాకరణంలో ఏమీ లేదు.

ఉచ్చారణ మాత్రం ఒకసారి చూసుకో. మెయిల్‌లో వినబడదు గానీ మీటింగులో వినబడుతుంది. నువ్వు నాకు రాసిన ప్రశ్నలో ప్రతిచోటా ‘ఆబ్జెక్ట్’ అని ఆకారం పెట్టావు. అది వస్తువు. క్రియ అయినప్పుడు మొదటి అక్షరం నలిగిపోయి ‘అబ్‌-జెక్ట్’ అవుతుంది, బలమంతా జెక్ట్ మీద పడుతుంది. ప్రోగ్రామింగ్‌లో రోజూ ఆబ్జెక్ట్, ఆబ్జెక్ట్ అనే మీకు నాలుక అక్కడికే పోతుంది, తెలుసు. గుర్తుకు ఒక ఉపాయం: అబ్జెక్షన్ అనే మాటను మనవాళ్ళందరూ సరిగానే పలుకుతారు. దాని తోక కత్తిరిస్తే క్రియ వస్తుంది. రికార్డ్, పర్మిట్, ప్రెజెంట్, ప్రొటెస్ట్ లాంటి మాటలదీ ఇదే తంతు, నామవాచకానికి మొదట బలం, క్రియకు చివర. తెలుగులో బలం మారితే అర్థం మారడమనేది లేదు కాబట్టి మన చెవికి ఈ తేడా అందడానికి కొంత టైం పడుతుంది.

డిసగ్రీ దగ్గర మనవాళ్ళు చేసే తప్పులు వేరు. ‘ఐ యామ్ డిసగ్రీ’ అంటారు. డిసగ్రీ క్రియ, దానికి యామ్ అక్కర్లేదు. ఇంకొందరు ‘ఐ యామ్ నాట్ అగ్రీయింగ్’ అంటారు. మనం ‘ఒప్పుకోవడం లేదు’ అంటాం కదా, ఆ ‘డం లేదు’ ఇంగ్లీషులోకి ‘ఇంగ్’ అయి దూరిపోతుంది. అగ్రీ, డిసగ్రీ మనసు ఉన్న స్థితిని చెప్పే మాటలు కాబట్టి వాటిని మామూలుగా ‘ఐ డోంట్ అగ్రీ’, ‘ఐ డిసగ్రీ’ అనే వాడతారు. అబ్జెక్ట్ మాత్రం చేసే పని, అందుకే ‘ఐ యామ్ నాట్ అబ్జెక్టింగ్ టు ది వర్క్, ఐ యామ్ అబ్జెక్టింగ్ టు ది డేట్’ అంటే చక్కగా ఉంటుంది. నేను మొదట చెప్పిన తేడాకు ఇది వ్యాకరణం పలికే సాక్ష్యం.

మనిషితోనో, అభిప్రాయంతోనో, నిర్ణయంతోనో విభేదిస్తే ‘డిసగ్రీ విత్’. విషయం మీద అయితే ‘ఆన్’ లేదా ‘అబౌట్’. ‘డిసగ్రీ టు’ అనే ప్రయోగం మానెయ్.

డిసగ్రీకి ఇంకో సరదా వాడుక ఉంది. ఏదైనా తిండి పడకపోతే ‘బ్రింజాల్ డిసగ్రీస్ విత్ మీ’ అంటారు. వంకాయ నాతో విభేదించడమేమిటని క్లాసులో పిల్లలు నవ్వేవాళ్ళు. మరి మనం ఏమంటున్నాం? ‘నాకు వంకాయ పడదు’ అంటాం. ‘ఆయనకూ నాకూ పడదు’ అని కూడా అంటాం. వంకాయకూ పాలివాడికీ ఒకే క్రియ వాడేవాళ్ళం, ఇంగ్లీషువాణ్ణి చూసి నవ్వే హక్కు మనకు లేదు.

‘అగ్రీ టు డిసగ్రీ’ అనే మాట మీ మీటింగుల్లో తరచుగా వినే ఉంటావు. నీ అభిప్రాయం నీది, నా అభిప్రాయం నాది, గొడవ వద్దు అని. కొత్త కార్పొరేట్ మాటలా వినబడుతుంది గానీ 1770లో మెథడిస్టు మత ప్రచారకుడు జాన్ వెస్లీ తన సహచరుడు జార్జ్ వైట్‌ఫీల్డ్ చనిపోయినప్పుడు ఇచ్చిన ప్రసంగంలోనే అది ఉంది. కలిసి పనిచేసి, సిద్ధాంతం దగ్గర విడిపోయినవాళ్ళు వాళ్ళిద్దరూ. పనిలో వాడాలంటే జాగ్రత్త. అది చర్చను మూసేసే మాట కాబట్టి పై అధికారి అంటే చెల్లుతుంది, నువ్వంటే మొండితనంలా ఉంటుంది.

ఈ కుటుంబంలో మరికొన్ని మాటలున్నాయి. కాంట్రడిక్ట్ అంటే అచ్చంగా ‘ఎదురు చెప్పు’, లాటిన్‌లో కూడా ఎదురు, చెప్పడం అనే రెండు ముక్కలే. పెద్దలకు ఎదురు చెప్పడం మన ఇళ్ళలో ఎంత నేరమో, మెయిల్‌లో ‘ఐ కాంట్రడిక్ట్ యూ’ అనడం అంత వికారం. రెఫ్యూట్ అంటే కాదనడం కాదు, ఆధారంతో తప్పని నిరూపించడం. పేపర్లలో ‘మంత్రి ఆరోపణలను రెఫ్యూట్ చేశారు’ అన్నట్టు రాస్తారు, చాలాసార్లు ఆయన చేసింది డినై మాత్రమే.

డెమర్ అనే మాట అరుదుగా కనబడుతుంది గానీ నాకది చాలా ఇష్టం. అది గట్టిగా కాదనడం కాదు, నసగడం. ‘అంటే… చూద్దాం సార్… కానీ…’ అని ఆగుతాం చూడు, అది. ఆలస్యం చేయడం, నిలిచిపోవడం అనే అర్థం ఉన్న లాటిన్ మాట నుంచి ఫ్రెంచి మీదుగా వచ్చింది. ఆ ఇంటి నుంచే ఇంకో మాట వచ్చింది, అది నీకు తెలియకపోయినా రైల్వే గూడ్స్ షెడ్డు దగ్గర ఎరువుల బస్తాలు దించే హమాలీకి తెలుసు: డెమరేజ్. ఇచ్చిన గడువులోగా వ్యాగన్ ఖాళీ చేయకపోతే రైల్వే వసూలు చేసే డబ్బు అది. మా ఇంటి దగ్గర ఒక ట్రాన్స్‌పోర్టు ఆయన ‘ఇంగ్లీషు నాకేం వస్తది సార్’ అంటూనే డిమాండ్ డ్రాఫ్టు, డెమరేజి, వార్ఫేజి అని నిమిషానికి పది మాటలు వాడేవాడు. పనిలో నసిగితే మీటింగు సాగుతుంది, వ్యాగన్ నసిగితే బిల్లు పెరుగుతుంది.

డిసెంట్ గురించి మాత్రం కొంచెం ఆగి చెప్పాలి. పదిమంది ఒకవైపు తేల్చాక, నేను వాళ్ళతో లేను అని విడిగా నిలబడడం అది. న్యాయమూర్తుల విషయంలో ఎక్కువగా వింటాం. 1962లో ఖరక్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు తీర్పు వచ్చింది. పోలీసులు ఒక మనిషి మీద నిఘా పెట్టడం, రాత్రిళ్ళు ఇంటికి వచ్చి తలుపు తట్టడం రాజ్యాంగానికి లోబడి ఉందా అనేది ప్రశ్న. మెజారిటీ జడ్జీలు రాత్రి తలుపు తట్టడాన్ని కొట్టేశారు గానీ గోప్యత రాజ్యాంగం ఇచ్చిన హక్కు కాదన్నారు. మన తెలుగువాడు, రాజమండ్రిలో పుట్టిన జస్టిస్ కోకా సుబ్బారావు వాళ్ళతో విభేదించి, గోప్యత వ్యక్తి స్వేచ్ఛలో భాగమేనని విడిగా తీర్పు రాశారు. ఆ రోజు దానితో ఏమీ ఆగలేదు. 2017లో తొమ్మిది మంది జడ్జీల ధర్మాసనం గోప్యత ప్రాథమిక హక్కేనని తీర్పు ఇచ్చినప్పుడు ఆయన మాటే నిలిచింది. అబ్జెక్ట్ చేసేవాడు పని ఇప్పుడే ఆగాలంటాడు. డిసెంట్ ఇచ్చినవాడి మాట కాగితం మీద అట్లాగే ఉండిపోతుంది, 55 ఏళ్ళయినా సరే.

ఇక నీకు కావలసింది. ఇంగ్లీషువాళ్ళు రోజువారీ పనిలో ‘ఐ డిసగ్రీ’ అని మొహం మీద అనడం కూడా తక్కువే. దాన్ని మెత్తబరచడానికి వాళ్ళు ముందుగా చేసే పని ‘నాట్’ను ముందుకు జరపడం. మనం ‘ఇది సరైన తేదీ కాదనుకుంటున్నాను’ అంటాం, ‘కాదు’ తేదీ పక్కన ఉంటుంది. దాన్ని అట్లాగే దించితే ‘ఐ థింక్ దిస్ ఈజ్ నాట్ ది రైట్ డేట్’ అవుతుంది. తప్పేమీ లేదు గానీ కొంచెం కొట్టినట్టుంటుంది. వాళ్ళ అలవాటు ‘ఐ డోంట్ థింక్ దిస్ ఈజ్ ది రైట్ డేట్’. కాదనడాన్ని తేదీ మీద నుంచి తీసి తన ఆలోచన మీద వేసుకుంటారు. ‘ఐ యామ్ నాట్ ష్యూర్’ అయితే ఇంకా మెత్తన. మన దగ్గర ‘అట్లెట్లైతది సార్?’ అని ప్రశ్నలా అడిగి కాదనడం లేదా, ఇదీ అట్లాంటి మర్యాదే.

‘విత్ ఆల్ డ్యూ రెస్పెక్ట్’ అని మొదలుపెట్టొద్దు. ‘మీరు పెద్దవారు, మీకు చెప్పేంతదాన్ని కాదు గానీ’ అని ఎవరైనా అంటే మనం చెవులు రిక్కించి తిట్టు కోసం చూడమా? వాళ్ళూ అంతే. ‘ఐ బెగ్ టు డిఫర్’ మా తరం ఉత్తరాల్లో బాగుండేది, ఇప్పుడు నాటకంలా ఉంటుంది.

ఇంకో గండం, ఇది మౌఖికంగా అడిగినప్పుడు వస్తుంది. నా విద్యార్థి ఒకడిని ఇంటర్వ్యూలో ‘యు డోంట్ హావ్ ఎనీ అబ్జెక్షన్ టు నైట్ షిఫ్ట్స్?’ అని అడిగారు. ‘అభ్యంతరం లేదు కదా?’ అంటే మనం ‘ఆ, లేదు’ అంటాం, వాళ్ళన్న మాట నిజమే అనే అర్థంలో. వీడూ అట్లాగే ‘యెస్ సర్’ అన్నాడు. ఇంగ్లీషులో ఆ యెస్‌కు ‘ఉంది’ అని అర్థం. అడిగినాయన పెన్ను కింద పెట్టాడట. ఉద్యోగం రాలేదు, దానికి ఈ ఒక్క మాటే కారణమని నేననను. ‘డు యు మైండ్?’ అన్నప్పుడూ ఇదే చిక్కు. యెస్, నో అనే మాటలనే నమ్ముకోకుండా ‘నో, నైట్ షిఫ్ట్స్ ఆర్ ఫైన్’ అని పూర్తిగా చెప్పడం నేర్చుకోమన్నాను.

ఇప్పుడు నువ్వు మీ మేనేజర్‌కు, టీమ్ కాపీ లేకుండా, ఇట్లా రాయి. మొదటి వాక్యం: ‘సారీ అబౌట్ ది వర్డింగ్ ఆఫ్ మై లాస్ట్ మెయిల్, ఐ డిడ్ నాట్ మీన్ టు రైజ్ ఎ ఫార్మల్ అబ్జెక్షన్.’ పోయిన మెయిల్ మాటతీరుకు సారీ, లాంఛనంగా అభ్యంతరం పెట్టడం నా ఉద్దేశం కాదు అని. క్షమాపణ మాటతీరుకే, అడిగిన దానికి కాదు, అది గమనించు. తర్వాత: ‘ఐ అండర్‌స్టాండ్ వై వి వాంట్ టు రిలీజ్ ఎర్లీ, బట్ ఐ హావ్ ఎ కన్సర్న్ అబౌట్ ది డేట్.’ కన్సర్న్ అంటే ఇక్కడ ఒక ఇబ్బంది, ఒక ఆలోచన. ఆఫీసు ఇంగ్లీషులో సగం అభ్యంతరాలు ఆ ఒక్క మాట చాటునే నడుస్తాయి. ఆ తర్వాత కారణం ఒక్క వాక్యంలో: ‘ఇట్ ఈజ్ ది మెయిన్ డే ఆఫ్ బతుకమ్మ, అండ్ సమ్ ఆఫ్ అస్ విల్ బి ట్రావెలింగ్ హోమ్.’ ఆయన మన వైపువాడు కాకపోతే బతుకమ్మంటే ఏమిటో ఇంకో అర వాక్యం రాయి, పద్మాక్షి గుట్ట దగ్గరి ఫోటో ఒకటి పెట్టినా నష్టం లేదు. చివర అడగడం: ‘కుడ్ వి మూవ్ ఇట్ బై టూ డేస్?’ ఎప్పటికి మార్చాలో నువ్వే చెప్పినప్పుడు అవతలివాళ్ళకు ఔననడం సులువు.

ఆ పైన కూడా తేదీ మారలేదనుకో. ఇంకేం, పండుగ పూట పని చేయించుకుని బదులు సెలవు కూడా ఇవ్వనంటే అది తరుగు తీయడమే. అప్పుడు నిక్షేపంగా అబ్జెక్ట్ అనే రాయి, టీమ్ మొత్తానికీ కాపీ పెట్టి. టు మాత్రం మరిచిపోకు.